అరవై నాలుగు పాయింట్ మూడు మూడు

జూన్ 12

ఫలితాలు వచ్చాయి. తొంభై ఒక్క శాతం. శాతంగారు స్టాఫ్ రూములో నిలబడి ఆ అంకె మూడుసార్లు చదివారు, మూడుసార్లూ చప్పట్లు కొట్టించారు. మా హెడ్డుకి ఆ పేరు పెట్టింది పిల్లలు. నేను పెట్టి ఉంటే గర్వపడేదాన్ని.

"మన 'అందరికీ గణితం' పేపరులో ఇంత ఎప్పుడూ రాలేదమ్మా. మీ కృషి కూడా ఉంది" అన్నారు నాతో. నా కృషి ఏమీ లేదు. చరిత్ర, సాహిత్యం, సంగీతం చదివేవాళ్లు పట్టా పుచ్చుకోవాలంటే ఈ ఒక్క లెక్కల పేపరూ గట్టెక్కాలి. అందుకని ఈయన ప్రశ్నల పుస్తకం అచ్చు వేయించారు. వంద ప్రశ్నలు, వంద జవాబులు. పరీక్షలో అవే వస్తాయి. అంకెలతో సహా బట్టీ పట్టేస్తే చాలు. ఇది పాఠమా, చిలక జోస్యమా?

నేను ఆ పుస్తకం ముట్టుకోను. ఏడాది పొడుగునా పేపర్లో వచ్చే గ్రాఫులు, మందుల పెట్టెల మీది అంకెలు, షాపుల తగ్గింపు బోర్డులు తెచ్చి గొంతు చించుకున్నాను. ఇంత చేసీ నా క్లాసులో, ఆస్పత్రిలో ఆయాగా చేసే ఆయక్క తప్పింది. ముప్పై రెండు. ముప్పై అయిదు రావాలి. బట్టీరాయుళ్లందరూ గట్టెక్కి, బుర్ర పెట్టి ఆలోచించే ఒక్క మనిషీ మునిగింది. ఒళ్లు మండిపోతోంది.

జూన్ 13

తొంభై ఒక్క శాతం. ఏడ్చినట్టుంది.

జూన్ 15

ఆయక్క వచ్చింది. డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టుంది, ఆస్పత్రి యూనిఫారంలోనే ఉంది. నలభై దాటిన మనిషి. పద్దెనిమిదేళ్లుగా వార్డులో రోగుల్ని ఎత్తడం, దించడం, పక్కలు మార్చడం. నడుం పోయింది. క్లాసులో పిల్లలందరూ ఆయక్క అంటారు, నాకూ అదే అలవాటైంది.

"రికార్డుల గదిలో కుర్చీ ఒకటి ఖాళీ అయింది మేడమ్. లోపలివాళ్లకే ఇస్తారంట. డిగ్రీ ఉండాలి. జులై ఇరవై లోపు కాయితం చూపించాలి. మిగతావన్నీ పాసైపోయా. ఇదొక్కటే మూడోసారి."

"ఎన్ని ప్రశ్నలు రాశారు?"

"అన్నీ రాశా. ఈసారి పోదనుకున్నా."

మొదటి నెలలో ఒకసారి క్లాసులో ఒకడు లెక్క చేసి మనిషి ఎత్తు పదిహేడు మీటర్లని తేల్చాడు. దశాంశ బిందువు ఎక్కడో జారిపోయింది. వాడు నిమ్మళంగా జవాబు కింద గీత కూడా గీసుకున్నాడు. వెనక బెంచీ నుంచి ఆయక్క పగలబడి నవ్వింది. "అలాంటి పేషెంటొస్తే మంచాలు వరసగా పేర్చాలి బాబూ" అంది. ఆ రోజు నుంచి క్లాసుకి నేను చెప్పే మాట ఒకటే. జవాబు రాగానే పెన్ను పక్కన పెట్టి దాని మొహం చూడండి, అది ఈ లోకంలో బతికే జవాబేనా కాదా అని. ఆ మాట నోటుపుస్తకం మొదటి పేజీలో రాసుకున్నది ఆవిడొక్కతే.

అలాంటావిడ తప్పడమేమిటి? జవాబు పత్రం జిరాక్సు కాపీకి దరఖాస్తు పెట్టించాను. ఎవరు దిద్దారో గానీ దొరకాలి నాకు.

జూన్ 19

ఇంకా రాలేదు. కంట్రోలర్ ఆఫీసు గుమస్తా "వస్తుంది మేడమ్, ఎక్కడికి పోతుంది" అన్నాడు. అదే నాకు తెలియాలి నాయనా.

జూన్ 24

జిరాక్సు వచ్చింది. ఆవిడ సరిగ్గానే రాసింది. పదికి సున్నా వేశారు.

తలనొప్పిగా ఉంది. రేపు రాస్తాను.

జూన్ 25

ఏడో ప్రశ్న. నలభైమంది విద్యార్థుల బరువులు పట్టికగా ఇచ్చారు. నలభై కిలోలవాళ్లు ఎనిమిది మంది, నలభై అయిదువాళ్లు పన్నెండు, యాభైవాళ్లు పది, యాభై అయిదువాళ్లు ఆరు, అరవైవాళ్లు నలుగురు. సగటు బరువెంత? అందరి బరువూ కూడితే పంతొమ్మిది వందల ముప్పై. నలభైతో భాగిస్తే నలభై ఎనిమిది పాయింట్ రెండు అయిదు. ఆయక్క అదే రాసింది.

ప్రశ్నల పుస్తకంలో అరవై నాలుగు పాయింట్ మూడు మూడు అని ఉంది. మాకు దిద్దడానికిచ్చిన కీలోనూ అదే ఉంది. ఎలా వచ్చిందో పట్టుకోవడానికి నాకు అరనిమిషం పట్టలేదు. అంతకుముందు ఏడాది ఇదే లెక్కలో విద్యార్థులు ముప్పైమంది. కొత్త ప్రశ్నలా కనబడాలని పట్టికలో అంకెలు మార్చారు, నలభైమందిని చేశారు, కింద భాగించే ముప్పైని మాత్రం మర్చిపోయారు. ప్రశ్న మార్చాం అనిపించుకోవడమే గానీ లెక్క చేసిన పాపాన ఎవరూ పోలేదు.

ఆయక్క జవాబు కింద ఇంకో మూడు లైన్లు రాసింది. "పుస్తకంలో 64.33 అని ఉంది. అది తప్పు. పట్టికలో అందరికన్నా బరువైనవాళ్లే 60 కిలోలు. సగటు వాళ్లని దాటి పోదు."

పదిహేనేళ్ల ఉద్యోగంలో ఒక విద్యార్థి ఇలాంటి వాక్యం రాయడం చూడలేదు. దీనికోసమే కదా గొంతు చించుకున్నది! పదికి పదీ వేసి ఆ కాగితం ఫ్రేము కట్టించాల్సింది పోయి సున్నా వేశారు. చదవకుండా వేశారు. చదివితే ఏ మనిషికీ చెయ్యి రాదు. చివరి అంకె చూశారు, కీ చూశారు, కలవలేదు, సున్నా. చేతిలో ఎర్ర పెన్నుంటే చాలు, బుర్ర ఇంట్లో పెట్టి వచ్చేస్తారు. ఇలాంటివాళ్లకి చదువు చెప్పే అర్హత ఎవరిచ్చారు? వీళ్లని బోర్డు ముందు నిలబెట్టి ఈ పట్టిక చేయించాలి. అందరి ముందూ.

మే నెలలో పేపర్లు దిద్దే క్యాంపులో నేనూ ఉన్నాను. పన్నెండుమందిమి, రోజుకి మనిషికి అరవై పేపర్లు. హాల్ టికెట్ నంబర్లు చింపేసి రహస్య అంకెలు వేస్తారు కాబట్టి ఎవరివి ఎవరి దగ్గరకొస్తాయో తెలియదు. నా కట్టల్లో ఇలాంటిది వచ్చి ఉంటే నాకు గుర్తుండేది.

జూన్ 26

నాకు గుర్తుండేది.

జూన్ 28

పొద్దున్న మామగారికి కాఫీ ఇస్తూ ఇదంతా చెప్పి చడామడా తిట్టాను. ఆయన రిటైరైన సర్వేయరు. ఎవరేం చెప్పినా పొలం హద్దు గురించి విన్నట్టే వింటారు.

"మా కాలంలో హద్దు తప్పొస్తే ముందు కొలిచినవాడి సంతకం చూసేవాళ్లం. నీ కాగితాల మీద దిద్దినవాళ్ల గుర్తు ఉండదామ్మా?"

"జిరాక్సులో ఆ మూల కప్పేస్తారు మామయ్యా."

"రాతని బట్టి తెలియదూ?"

"సున్నా ఎవరు వేసినా సున్నాలాగే ఉంటుంది."

"నిజమే" అన్నారు. కప్పు కింద పెట్టి, "ఆవిణ్ణి దొరకబుచ్చుకుని ఏం చేస్తావమ్మా?" అని అడిగారు. ఆవిడ అని ఎందుకన్నారో! నేను ఎక్కడా ఆవిడ అనలేదు. కాఫీ చల్లారిపోయిందని విసుక్కుని లోపలికి వచ్చేశాను. పాపం, చల్లారింది ఆయన కప్పులోది కాదు, నాది.

జూన్ 30

శాతంగారి గదికెళ్లాను. జిరాక్సు టేబుల్ మీద పెట్టాను. ఆయన కళ్లజోడు మార్చుకుని చదివారు, ఫోన్‌లో లెక్క వేసుకున్నారు. మొహం పాలిపోయింది. ఆ ఒక్క నిమిషం ఆయన మీద జాలేసింది, తర్వాత నోరు విప్పారు.

"అమ్మా, మీరు చెప్పింది కరెక్టే. కానీ చూడండి. రెండు వేలమంది దాకా అరవై నాలుగు రాసి పది మార్కులు తీసుకున్నారు. ఇప్పుడు కీ తప్పని బయటపడితే వాళ్ల పదీ తీసేయాలి. తొంభై ఒకటి ఎంతకి పడుతుందో తెలుసా?"

"తెలియదు. నా విద్యార్థిని ఉద్యోగం ఎంతకి పడుతుందో తెలుసు."

"అదే చెప్తున్నా వినండి. పునర్మూల్యాంకనం పెట్టించినా అదే కీ, అదే సున్నా. కమిటీ వేయిస్తే నెల పైన పడుతుంది, జులై ఇరవై దాటిపోతుంది. ఇవన్నీ లేకుండా ఆవిడకి మూడు మార్కులు దయాపూర్వకంగా కలిపేస్తాం. నా సంతకం చాలు. రెండ్రోజుల్లో పాస్ కాయితం చేతికొస్తుంది. ఎవరికీ నష్టం లేదు కదా?"

"ఆ సున్నా?"

"ఉంటుంది. దాన్నెవరు చూస్తారు?"

గది కప్పు ఎగిరిపోయేలా అరిచాను. దిద్దినవాళ్లకి సిగ్గుండాలన్నాను. కళ్లు మూసుకుని దిద్దేవాళ్లని పీకి పారేయాలన్నాను. ఆయన అంతా విని, "ఎవరు దిద్దారో రిజిస్టర్లో ఉంటుందమ్మా, తెప్పించమంటారా?" అన్నారు.

అక్కర్లేదన్నాను. చాలా తొందరగా అన్నాను.

జులై 1

ఏం రాయాలో తెలియడం లేదు. తెలుసు.

జులై 2

రాస్తాను. నాకోసమే కదా.

ఆ సున్నా నాది. సున్నా ముందు రెండు అడ్డగీతలు గీస్తాను నేను, ఎవరూ ముందు ఒకటి చేర్చి పది చేయకుండా. క్యాంపు మొత్తంలో ఆ అలవాటు నాకొక్కదానికే ఉంది. జిరాక్సు కవరులోంచి తీసిన క్షణంలోనే చూశాను. లెక్క చూడకముందే, ఆవిడ రాసిన మూడు లైన్లు చదవకముందే చూశాను. చూసి తలనొప్పి అని రాసి పడుకున్నాను. మర్నాడు ఇదే పుస్తకంలో రెండు పేజీలు "వాళ్లు", "ఇలాంటివాళ్లు" అంటూ తిట్టాను. మామగారి ముందు తిట్టాను. శాతంగారి ముందు బల్ల గుద్ది తిట్టాను. నా అంత నీతిమంతురాలు ఈ ఊళ్లో లేదనుకున్నాను.

గుర్తుండేది అని రెండుసార్లు రాశాను. గుర్తులేదు. అదీ నా బతుకు. ఆ రోజుల్లో నాకు గుర్తున్నది ఫ్యాను చప్పుడొకటే. నలభయ్యో పేపరు దాటాక అక్షరాలు కనబడవు, చివరి అంకె ఒక్కటే కనబడుతుంది. అరవై నాలుగు పాయింట్ మూడు మూడు అని కొన్ని వందలసార్లు చూశాను. ఒక్కసారైనా దాని మొహం చూశానా? ఏడాదంతా పిల్లలకి చెప్పిన మాట నా చెవినే పడలేదు. శాతంగారు లెక్క చేయలేదు సరే, నేనేం చేశాను? ఆయన పుస్తకం ముట్టుకోనని పెద్ద పోజు పెట్టి, దాని జవాబులతో ఆవిడ మెడ కోశాను.

చీ.

జులై 4

ఆస్పత్రికెళ్లాను. ఆవిడకి పొద్దుటి డ్యూటీ. మూడో అంతస్తు, మగవాళ్ల వార్డు. మంచం పక్క కమ్మీ దించి, దుప్పటి అంచు రెండు చేతులకీ చుట్టుకుని నిలబడి ఉంది. అవతలి వైపు ఉండాల్సిన మనిషి రాలేదట.

"మేడమ్, మీరా! మంచి టైముకొచ్చారు. ఆ అంచు పట్టుకోండి. లాగకండి, ఊరికే పైకి. మూడంటే ఎత్తాలి."

ఎత్తాను. రోగి ముసలాయన, కళ్లు తెరిచి నన్ను చూసి మళ్లీ మూసుకున్నారు. నా నడుంలో ఏదో కలుక్కుమంది. "ఈయన డెబ్బై రెండు కిలోలు. చార్టు చూడక్కర్లేదు, నా నడుం చెప్తుంది" అంది ఆయక్క, చెమట తుడుచుకుంటూ.

వరండాలో కిటికీ దగ్గర నిలబడ్డాం. వచ్చే దారంతా మాటలు పేర్చుకుంటూ వచ్చాను. ఒక్కటీ పనికి రాలేదు.

"ఆ సున్నా వేసింది నేనే" అన్నాను.

ఆవిడ జేబులోంచి చేతి తొడుగు తీసి మళ్లీ లోపల పెట్టుకుంది.

"నేను రాసింది చదివే వేశారా?"

"చదవలేదు."

"చదవకుండా వేశారా?"

"అవును. మీ జవాబు కరెక్టు. మీరు రాసిన మాటలు కూడా కరెక్టు. కీ తప్పు."

"కరెక్టా?" అంది. నా మొహంలోకి అలా చూసింది, నేను అబద్ధమాడుతున్నానేమోనని. "జిరాక్సు చూశాక నేనే తప్పనుకున్నా మేడమ్. అంత చదువుకున్నవాళ్లు సున్నా కొట్టారంటే నాకు లెక్కలు రావనే కదా. పుస్తకంలో ఉన్నదున్నట్టు రాయక తెలివితేటలు చూపించానని నన్ను నేనే తిట్టుకున్నా. మళ్లీ పరీక్ష రాయాలి కదా అని పుస్తకం మొత్తం బట్టీ కొట్టేస్తున్నా." గోడ వైపు తిరిగి గడగడా అప్పజెప్పింది. "ఏడో ప్రశ్న, అరవై నాలుగు పాయింట్ మూడు మూడు. ఎనిమిదో ప్రశ్న, నూట పన్నెండు. తొమ్మిది..."

"ఆపండి" అన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను, నర్సు తొంగి చూసింది.

మార్కులు పోతే తెచ్చి ఇవ్వొచ్చు. ఈ మనిషి తనంతట తాను చూసి తప్పని పట్టుకున్నదాన్ని, నా చేతి సున్నా చూసి ఒప్పని నమ్మేసింది. దానికి నేనేం చేయాలి?

శాతంగారి మూడు మార్కుల సంగతి చెప్పాను. రెండ్రోజుల్లో కాయితం వస్తుందని, ఇరవై లోపు కుర్చీ ఆవిడదేనని. రెండో దారిలో కమిటీ, నా ఒప్పుకోలు లేఖ, నెల పైన ఆలస్యం, కుర్చీ దక్కకపోవచ్చని కూడా చెప్పాను. ఏదీ దాచలేదు. మూడు మార్కులు తీసుకోమని కూడా చెప్పాను, నిజంగానే చెప్పాను.

"దయతోనా?" అంది.

"అలా అంటారు, అంతే."

"పది నావైతే మూడు దయేంటి మేడమ్?" గొంతు లేచింది. "పద్దెనిమిదేళ్లు ఎత్తిన నడుం, ఇంకో ఏడాది ఎత్తుతుంది. నా పది నాకు వేయించండి. ఆ తప్పు లెక్క తప్పని వాళ్లు రాసివ్వాలి. మీరు కూడా రాసివ్వాలి."

అని వార్డులోకి వెళ్లిపోయింది. టీ తాగి వెళ్లమని కూడా అనలేదు.

జులై 5

లేఖ ఇచ్చాను. నాలుగు లైన్లు. ఈ పత్రం దిద్దింది నేను. విద్యార్థిని రాసినది చదవలేదు. కీలోని జవాబు అసాధ్యం. విద్యార్థిని జవాబు సరైనది. కింద సంతకం.

శాతంగారు దాన్ని మూడుసార్లు చదివారు. "నన్ను కూడా ముంచారు కదమ్మా" అన్నారు. నాకు కోపం వచ్చింది గానీ పాత రకం కోపం కాదు, అరవబుద్ధి కాలేదు. ఇద్దరం కలిసే మునిగాం సార్ అన్నాను.

జులై 11

కమిటీ వేశారు. మొదటి సమావేశంలో రెండో సమావేశం తేదీ నిర్ణయించారట. నవ్వు రావడం లేదు.

జులై 16

ఆస్పత్రికి లెటరు ఇప్పించమని కంట్రోలర్ ఆఫీసు చుట్టూ నాలుగోసారి తిరిగాను. విద్యార్థిని విషయం పరిశీలనలో ఉంది అని ఒక్క లైను రాసివ్వమన్నాను. పరిశీలనలో ఉన్న విషయం పరిశీలనలో ఉందని చెప్పడానికి కమిటీ అనుమతి కావాలట. ఆ గుమస్తా తలుపు ధడేల్మని వేసి వచ్చాను. తలుపు ఆయనది కాదు, మెట్ల దగ్గరది.

జులై 20

ఈ రోజు ఇరవై.

జులై 27

తేలింది. ఏడో ప్రశ్నకి ఇకమీదట రెండు జవాబులు. నలభై ఎనిమిది పాయింట్ రెండు అయిదు రాసినవాళ్లకీ పది, అరవై నాలుగు పాయింట్ మూడు మూడు రాసినవాళ్లకీ పది. కమిటీలో ముగ్గురు గణితం ప్రొఫెసర్లు. ముగ్గురూ సంతకం చేశారు. తొంభై ఒక్క శాతం కాస్తా తొంభై ఒకటిన్నర అయింది, శాతంగారు మళ్లీ నవ్వుతున్నారు. ఈ దేశంలో అరవై కిలోల మనిషి సగటు కన్నా తేలిక అని అధికారికంగా తీర్మానం జరిగిపోయింది. పళ్లు పటపటలాడించుకుంటూ చదివాను.

సరైన జవాబు రాసి సున్నా తెచ్చుకున్నవాళ్లు ఆయక్కతో కలిపి పద్దెనిమిది మంది బయటపడ్డారు. అందులో నేను దిద్దినవెన్నో అడగలేదు. అబద్ధం. అడిగాను. నాలుగు.

నన్ను మూడేళ్లు క్యాంపుకి రాకుండా నిషేధించారు. ఫైల్లో రాశారు. రాయాలి.

సాయంత్రం ఆయక్కకి ఫోన్ చేశాను.

"నలభై రెండు వచ్చింది. కాయితం రేపు ఇస్తారు."

"తెలిసింది మేడమ్. కుర్చీ పక్క వార్డు కాంపౌండరుకిచ్చేశారు, మొన్నే చేరాడు. మళ్లీ ఎప్పుడు ఖాళీ అవుతుందో."

"నా వల్లే..."

"మీ వల్లే" అంది. అటువైపు ఎవరో పిలుస్తున్నారు, ఆవిడ ఆగమంది వాళ్లని. "మూడు తీసుకుని ఉంటే ఈపాటికి కుర్చీలో కూర్చుని ఉండేదాన్ని. వద్దన్నది నేనే, అది నాకు తెలుసు. అందుకని మీ మీద కోపం తగ్గిపోయిందనుకోకండి. వచ్చి చెప్పారు, లెటరు రాశారు, అన్నీ బానే ఉన్నాయి. కోపం మాత్రం ఉంది. తగ్గాక నేనే ఫోన్ చేస్తా. అప్పటిదాకా మీరు చెయ్యకండి."

సరేనన్నాను. పెట్టేసింది.

ఆగస్టు 3

రాలేదు.

ఆగస్టు 9

కొత్త బ్యాచి వచ్చింది. అరవై నాలుగు మంది. పాయింట్ మూడు మూడు లేదు, సంతోషం.

ఈ రోజూ ఫోన్ రాలేదు. మనిషికి సగటున కోపం ఎన్నాళ్లుంటుందో లెక్క వేద్దామని కాగితం తీసుకుని కూర్చున్నాను. సిగ్గేసి చించేశాను.